పన్నెండు గంటల కూత

మిల్లు మూసేసి పదకొండు నెలలు.
గేటుకి అంటించిన నోటీసు
కళ్ళు చదివాయి.
కడుపు మటుకు చదవలేదు.

పన్నెండయ్యేసరికి
ఎవరూ వెయ్యని కూత ఒకటి
చెవుల వెనకాల ఎక్కడో లేస్తుంది.
వెంటనే రొమ్ము కింద
సున్నంరాయి మీద నీళ్ళు పోసినట్టు.

"కారమేటైనా తిన్నావేటి?" అంది నరసాయమ్మ.
కారమెక్కడిది, ఇంకా కంచమే వాల్చలేదు.

విజయనగరం పెద్దాసుపత్రిలో
గొంతులోంచి దీపం దింపి చూశాడు
డాక్టరు భానోజీ.
తెరమీద నా లోపలి గోడ,
చిల్లుపడ్డ గోనెసంచి.

"పుండుకి కారణం పురుగు, దానికి మందు రాశాను.
ఊరడానికి కారణం మటుకు నీ తలకాయ."
చీటీ వెనక గీత గీసి చూపించాడు.
మెదడు అడుగున మొదలైన నరం
మెడ దిగి, గుండె పక్కనుంచి,
తిండిగొట్టాన్ని పట్టుకుని
కడుపు మీద వేళ్ళలా పరుచుకుంటుందట.
దాని పేరుకి దేశదిమ్మరి అని అర్థమట.
"ముద్ద నోట్లో పడక్కర్లేదయ్యా,
వాసన చాలు, గిన్నె చప్పుడు చాలు,
తలుచుకున్నా చాలు.
పైనుంచి కబురు దిగుతుంది,
కింద యాసిడ్ ఊరుతుంది."

నవ్వొచ్చింది.
ముప్పై ఒక్క ఏళ్ళు జనపనార నేసినవాణ్ణి,
పైన పోగు కదిపితే కింద ఏం కదులుతుందో
నాకు చెప్పాలా?

కూత పడగానే మగ్గాలన్నీ ఒక్కసారి ఆగేవి.
కనురెప్పల మీద నారధూళి, చెవుల్లో ఇంకా మోత.
షెడ్డు నీడన గౌరీసు కారియరు విప్పేవాడు:
చోడంబలి, వేపిన ఎండునెత్తళ్ళు, చితక్కొట్టిన ఉల్లిపాయ.
మూత లేవకముందే నోరూరేది.
అప్పుడు దాన్ని ఆకలి అనేవాళ్ళం.

పాతరోజుల్లో ఆ నరాన్ని కోసేసేవారట.
గౌరీసు నాన్న పొట్టమీద
జెర్రిలాంటి కుట్టు చూశాను నేను.
"నాకూ కోసీండి బాబూ" అన్నాను.
"ఇప్పుడెందుకు? పొద్దున్నే ఒక మాత్ర,
తిండికి అరగంట ముందు."
మాత్ర కింద కుళాయి కడుతుంది.
కబురు దిగుతూనే ఉంటుంది.

కోట దగ్గర బస్సు కోసం నిలబడ్డాను.
గౌరీసు కూడా అక్కడే, ఎక్స్‌రే కవరుతో.
పిల్లల సంగతులు మాట్లాడుకున్నాం,
మిల్లు మాట ఎవరం ఎత్తలేదు.
ఎదుటి హోటల్లో ఎవరో తాలింపు వేశారు.
గడియారం చూడలేదు నేను.
గౌరీసు ఎడంచెయ్యి
కారియరు ఉండాల్సిన చోటికి వెళ్ళి
గాలిని పట్టుకుని
మెల్లగా పొట్టమీదికి వచ్చింది.
నాది అప్పటికే అక్కడుంది.