ఎర్ర నాలుక

టాడ్‌మొర్డెన్ సంతలో గురువారం,
పింగాణీ కప్పులకీ తుప్పు పట్టిన స్పానర్లకీ మధ్య
కూర్చుని ఉంది కెమెరా.
లెన్సు చుట్టూ సీతాఫలం తొక్కలా
బుడిపెల గాజు.

"బ్యాటరీ ఎక్కడ పెట్టాలి?"
నార్మన్ బారక్లఫ్ పంటి సందులోంచి గాలి వదులుతూ నవ్వాడు.
"బ్యాటరీ లేదు. దీని తిండి వెలుతురే."
అరచేతిలో పెట్టాడు,
తూకపురాయిలా చల్లగా ఉంది.

లోపల ఒక ముల్లు ఉందట.
ఎంత వెలుతురుంటే అంత ఒరుగుతుంది,
బంగారం కొట్లో తక్కెడ ముల్లులా.
మీట నొక్కగానే దాన్ని పళ్ళ మధ్య బిగబట్టి
ఆ లెక్క ప్రకారమే కిటికీ తెరుస్తుంది.
దానికి తెలిసిన వేగాలు రెండే,
నడకా, పరుగూ.

చీకటయితే మాత్రం
మనం చూసే గాజులో కిందనుంచి
ఎర్ర నాలుక ఒకటి చాపుతుంది.
ఇక మీట దిగదు.
బతిమాలినా దిగదు.
"మా మావిస్ కంటే మొండిది" అన్నాడు.
అనేసి, కాసేపు స్పానర్లు సర్దాడు.

నేను హాలిఫాక్స్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను.
నా యంత్రం ఎవరినీ కాదనదు.
విరిగిందంటే విరిగింది చూపిస్తుంది,
అర్ధరాత్రయినా సరే.
కాదనే యంత్రాన్ని చూడ్డం ఇదే మొదలు.

దూరం మాత్రం మనమే చెప్పాలి.
ఉంగరం మీద నాలుగు బొమ్మలు:
ఒక తల, రెండు తలలు, గుంపు, కొండ.
మావిస్ ఎప్పుడూ కొండ మీదే వదిలేసేదట.
ముప్పై ఏళ్ళ ఫోటోలు, ఈ మబ్బు దేశంలో.
పెరట్లో పుట్టినరోజు కేకులు,
కాలవలో పడి లేచిన కుక్క,
అన్నింట్లోనూ నార్మన్ ఒక పొగ.
వెనక స్టూడ్లీ పైక్ మాత్రం
రాయి రాయీ లెక్కపెట్టుకోవచ్చు.

"చెప్పలేదా మీరు?"
"చెప్పాను. చెప్పి చెప్పి మానేశాను.
కొండని తాకలేదు కదమ్మా, అందుకే తీసుకునేదేమో.
పక్కనున్నవాణ్ణి
ఎలాగూ తడిమి చూసుకోవచ్చు."

పన్నెండు పౌండ్లన్నాడు.
పదికి అడగబోయి నోరు మూసుకున్నాను.
మూత విడిగా వెతికి తెచ్చిచ్చాడు:
"పెట్టే ఉంచు. వెలుతురు తాగీ తాగీ
ఆ గాజు కూడా ముసలిదైపోతుంది."

బస్టాపు చేరేసరికి నాలుగయింది.
నవంబరు నాలుగంటే ఇక్కడ రాత్రే.
రోడ్డవతల నార్మన్ టార్పాలిన్ మడుస్తున్నాడు, తుంపరలో.
మా మధ్య దూరం లెక్కకి కొండ గుర్తుదే.
అయినా ఉంగరాన్ని ఒక తల మీదికి తిప్పి
కంటికి ఎత్తాను.

చూశాడు.
టార్పాలిన్ వదిలేసి, టోపీ తీసి,
నాలుగు వెంట్రుకలూ అరచేత్తో అణుచుకుని
నిటారుగా నిలబడ్డాడు.

గాజులో ఎర్ర నాలుక.
మీట దిగలేదు.
అసలు లోపల రీలే లేదు,
ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

బస్సు వచ్చి మధ్యలో ఆగేదాకా
అతను కదల్లేదు,
నేను దించలేదు.