సంది

కొల్లాపూరు తాసిల్దారాఫీసు ఎదురుంగ
మా జిరాక్సు దుకాణం.
అర్జీ తెలుగుల అయితే పదిహేను, ఇంగ్లీషుల ముప్పై.
పెద్దసారు తెలుగు అర్జీల మడత గూడ ఇప్పడని
ఎవరో చెప్పిన్రంట.
మూడు పది నోట్లు ముందుగాల్నే బల్ల మీద వెట్టి
కూసున్నడు సవారన్న.

"రాయి బిడ్డా,
నీళ్ళొచ్చిన కాడ సంది ఎదురుచూస్తున్నం.
నలభై ఏండ్ల సంది ఎదురుచూస్తున్నం."

నా వేళ్ళు ఆగినయ్.
మనకు ఒక్కటే సంది,
వాళ్ళకు రెండు: సిన్స్, ఫర్.
పదో తరగతిల ఈ ఖాళీ నింపరాకనే
రెండు మార్కులు పోయినయ్ నాకు.
ఇప్పుడు ఊరికి ఊరే ఖాళీ అయ్యి
నా ముందల స్టూలు మీద కూసున్నది.

"తాతా, సిన్స్ అంటే గూటం.
ఒక్క తావునే దిగాలె, తారీకు కావాలె.
ఫర్ అంటే పగ్గం.
ఎంత పొడుగో చెప్తే సాలు,
యాడ కట్టిన్రని అడగది."

"అయితే గూటమే రాయి."

తారీకు?

"తారీకు ఎవనికెర్క!
మా కల్లంల చింతచెట్టు
కొనకొమ్మ దాకా మునిగిన పొద్దు.
కొంగలు కొమ్మనుకొని దిగి
ఉత్త నీళ్ళల్ల పడ్డయి సూడు, ఆ పొద్దు."

కంప్యూటర్ల ఆ పొద్దుకు అంకె లేదు.

ఊకె ఉండలేక చెప్పిన:
సిన్స్‌కు ఇంకో అర్థమున్నది తాతా,
ఎందుకంటే అని.
నీళ్ళొచ్చిన సంది అన్నా, నీళ్ళొచ్చినందుకు అన్నా
వాళ్ళకు ఒకటే మాట.

కండువతోని మూతి తుడుసుకున్నడు.
"మా గోస తెలిసినోడే చేసిండు ఆ మాట.
కానీ నువ్వు పగ్గమే రాయి బిడ్డా.
గూటం నీళ్ళల్లనే ఉన్నది,
పగ్గం మెడకున్నది."

రాసిన.
భూమి కోసం అనేతందుకు ఒక ఫర్,
నలభై ఏండ్లు అనేతందుకు ఇంకో ఫర్,
ఒక్క వాక్యంలనే.
ముంగట హావ్ బీన్ వెయిటింగ్:
మొదలైంది, ఇంక ఒడువలే.

కాయితం బయటికొచ్చినంక
ఆ మాట యాడున్నదో సూపెట్టుమన్నడు.
సూపెట్టిన.
వేలిముద్ర కింద వెయ్యాలె,
ఆయిన సిరా బొటనేలు తీస్కపోయి
ఆ మూడక్షరాల మీదనే ఒత్తిండు.

ఇంకో కాయితం తియ్యాల్సొచ్చింది.
దానికి పైసలు అడగలే.