నూట ఇరవై అక్షరాలు

కాగితం దొరక్క మరకైబోలో మా పత్రిక మూతపడ్డ రోజున
నా బల్ల మీద ఇంకా పదకొండు ప్రకటనలున్నాయి.
ఒక పియానో, రెండు పడవ ఇంజన్లు,
తప్పిపోయిన చిలక ఒకటి.
ఇరవై రెండేళ్ళు చిన్న ప్రకటనల పేజీ నాది.
మాటకింత అని రేటు.
జనం డబ్బు మిగలాలని వాళ్ళ మాటలు కోసేవాణ్ణి.
ఆ చిలక దొరికిందో లేదో తెలీదు.

ఇప్పుడు యోర్‌హెలిస్ పక్కన కూచుంటాను,
మెట్ల కింద, నాలుగు కంప్యూటర్ల గదిలో.
పదిహేడేళ్ళ పిల్ల. రాత్రంతా ఆటలో
మంచుకొండల మీద తోడేళ్ళని చంపి
ఆ తోలుతో జోళ్ళు కుడుతుంది.
బయట నలభై డిగ్రీలు.
మా ఇద్దరిలో ఎవరమూ మంచు చూసిన మొహాలు కావు.
ఆ జోళ్ళు ఏ కాలికీ ఎక్కవు.
వాటికొచ్చే బంగారం, అదీ లేనిదే,
సాయంత్రానికి మొక్కజొన్న పిండవుతుంది.
జేబులో నిజంగా ఉన్న నోట్లే ఏమీ కావు.

అమ్మకానికి ఆమె రాసుకున్నది ఇది:
"జోళ్ళు. చాలా చాలా మంచివి. దయచేసి కొనండి.
దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."
రోజుకో జత పోయేది. ఒక్కోరోజు అదీ లేదు.

ఎర్ర పెన్సిలు కోసం చెవి తడుముకున్నాను.

"చాలా" తీసెయ్, రెండూ.
ముందు అంకె రాయి: చలికి నలభై పాళ్ళు అడ్డు.
"అరుదైనవి" అనకు, ఆ బజారులో అందరివీ అరుదైనవే.
"అర్జెంటు" అన్నావో
నీ పొయ్యి వెలగలేదని కొనేవాడికి తెలిసిపోతుంది.
బొమ్మ తియ్యడానికి గుహలో నిలబడకు.
ఆటలో తెల్లవారనిచ్చి కొండెక్కు,
జోళ్ళు మంచు మీద పెట్టు, నీడ ఎడమకి పడనీ.
మడమ దగ్గరకి జరుగు. ఆ కుట్టు చూశావా?
రాయి: తోడేలు నరంతో జంట కుట్టు.
వంద కాదు, తొంభై ఏడు.
సియోల్‌లో ఆఫీసులు వదిలే వేళకి పెట్టు,
మనకి కోళ్ళు కూసే వేళ అది.
నూట ఇరవై అక్షరాలు దాటితే పెట్టె ఎర్రబడుతుంది,
కాబట్టి దయచేసీ వద్దు, దేవుడూ వద్దు.

కరెంటు పోయింది.
మెట్ల మీదికొచ్చి
సరస్సు అవతల మెరుపులు లెక్కపెట్టాం.
ఈ ఊళ్ళో మెరుపులకి మాత్రం కోత లేదు.

వచ్చాక చూస్తే రెండు జతలు పోయాయి.
వారంలో పంతొమ్మిది.
గదిలో మిగతావాళ్ళూ నా చుట్టూ చేరారు:
డ్రాగన్ గుడ్డు, కుంటి గుర్రం,
కిటికీలోంచి ఇద్దరు చంద్రులు కనబడే ఇల్లు.
ప్రకటనకో కోడిగుడ్డు నా ఫీజు.
ఇంట్లో అట్టు వేసుకుంటూ ఈల వేశాను, ఎన్నాళ్ళకో.

ఆదివారం ఒక సందేశం. ఏ దేశమో,
అనువాద యంత్రంలో నలిగొచ్చిన మాటలు:
"జోళ్ళు అవే. మనిషి మారారా?
ఇదివరకు కింద ఒక మాట ఉండేది.
నా దగ్గర మీ జోళ్ళు పద్నాలుగు జతలున్నాయి.
నాకు కాళ్ళు రెండే."

యోర్‌హెలిస్ నా వైపు చూడలేదు.
గోరు కొరుక్కుంటూ తెరనే చూసింది.

నాకు చిలక ప్రకటన గుర్తొచ్చింది, అందులో చివరి వాక్యం:
"పిలిస్తే రాదు, తిడితే వస్తుంది."
నాలుగు మాటలు. కొట్టేశాను.
ఆకుపచ్చ రంగు, పసుపు మెడ, అని ఉంచాను,
ఊళ్ళో ఉన్న చిలకలన్నిటికీ సరిపోయేలా.

కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.
నూట పద్దెనిమిది అయిపోయాయి.
దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి:
పన్నెండు అక్షరాలు, మూడు ఖాళీలు.
పదిహేను కావాలి, ఉన్నవి రెండు.
పైనుంచి కిందికి రెండుసార్లు చదివాను.
అంకె తియ్యలేం. ధర తియ్యలేం.
తోడేలు నరంతో జంట కుట్టు.
అందులో నాకు నచ్చిన ముక్క అదొక్కటే.
పదమూడు.
వెనక్కి నొక్కుతూ పోయాను, ఒక్కో అక్షరం.

ఆమె టైపు చేసింది.
పెట్టె ఎర్రబడలేదు.
సియోల్‌లో ఆఫీసులు వదిలే వేళ.
మా రేకు కప్పు అప్పుడే కాలడం మొదలుపెట్టింది.