పెదవులు కలవని చోట

పద్దెనిమిదేళ్లప్పుడు
ఐరిష్‌లో ఒక్క మెట్టు తక్కువైంది.
చిన్నబడి పంతులమ్మ కావాలంటే
ఆ మెట్టెక్కాల్సిందే అన్నారు.
నేను బస్సెక్కాను,
స్టీరింగ్ వైపు.

ఇరవై రెండేళ్లుగా ఆఫలీ పల్లెల పిల్లల్ని
నన్ను రానివ్వని గేటు దాకా తెచ్చి
దింపి వెళ్తున్నాను.

ఈ వసంతంలో మళ్లీ అదే పరీక్ష.
డ్యాష్‌బోర్డు మీద క్రియల చీటీ.
వాన పడితే వైపర్ లయకి వల్లెవేస్తాను.
ఈ భాషలో ఉత్త అవును లేదు, ఉత్త కాదు లేదు.
చదివావా అంటే చదివాననాలి,
లేకపోతే చదవలేదనాలి.
తల ఊపి తప్పించుకునే వీల్లేదు.

అదైనా పట్టుబడింది గానీ
నన్ను ఓడించింది అమ్మే.
మాహిర్ అంటే అమ్మ.
ముందు 'నా' అని చేర్చామా
మకారం కరిగి వకారమైపోతుంది:
మొ వాహిర్.
నా నోట్లో అది కరగదు.
మా అమ్మ పోయి ఆరేళ్లు.
ఒక్క ప్రార్థన తప్ప ఆమెకీ ఐరిష్ రాదు,
అదీ సగమే.

వెనక సీట్లోంచి ఫెలిమ్,
నిన్ననే ముందుపన్ను ఊడినవాడు,
"అంత గట్టిగా మూయకు డెర్వ్లా,
కాస్త గాలి పోనీ" అన్నాడు
బోసి చిగురు చూపిస్తూ.

రేపు టల్లమోర్‌లో, రికార్డర్ ముందు,
మీ ఇంటివాళ్ల గురించి చెప్పమంటారు.

పిల్లలంతా దిగిపోయాక
ఇంజన్ ఆపి
ఖాళీ సీట్లకి చెప్పాను: మొ వాహిర్.
అద్దంలో చూసుకున్నాను.
పెదవులు కలవలేదు.
అయినా అమ్మే.