రెండు 'మ'లు

బొద్దుగ ఉండాలన్నడు, పళ్లెంల ఇడ్లీ లెక్క.
పాతబడ్డట్టు ఉండాలన్నడు.
"దెబ్బ తిన్నట్టు కనపడాలె,
గని చూసేటోనికి దెబ్బ తగలొద్దు."
మమత టిఫిన్స్ ఆయన కొత్త హోటలు.
నార్కట్‌పల్లి రోడ్డు మీద, మొన్న పోసిన స్లాబు కింద,
ఇంకా పచ్చి సిమెంటు వాసన.

నల్లగొండ ప్రకాశం బజార్ల నాది ఫ్లెక్సు దుకాణం.
పొద్దంత పుట్టినరోజులు, సంతాపాలు.
రాత్రి షట్టరు సగం దించి
తెర మీద ఒక్కొక్క అక్షరాన్ని బూరలెక్క ఊదిన.
తలకట్టుకు మొన లేకుండ,
కొమ్ముకు పదును లేకుండ.
మన అక్షరాలకు ముందే మూలలు తక్కువ,
ఇంక లావు చేస్తుంటే
'ఠ' నడుమ చుక్కకు ఊపిరాడలే.

ఆ తర్వాత గరుకు.
అదొక బొమ్మ, కంప్యూటర్ల దొరుకుతది,
ఎక్కడిదో గోడ, ఎవరిదో తుప్పు.
అక్షరం మీద పరిచి మీట నొక్కితే
కన్నుమూసి తెరిచేలోపట
నలభై ఏండ్ల వయసు వచ్చి కూసుంటది,
సిరా అందనిచోట తెల్లటి నలుసులతోని.

ఖాసింబీకి చూపిచ్చిన.
రామగిరిల మూతబడ్డ ప్రెస్సుల
గోడ పోస్టర్లకు టేకు అక్షరాలు పేర్చిన మనిషి.
బడికి పోలే.
కేసు అరలల్లనే ఓనమాలు,
అందుకే ఏ అక్షరమైనా ఆమెకు
ముందు తిరగబడే పరిచయం.
కాగితం దూరం పెట్టింది, దగ్గర పెట్టింది,
ఆఖరికి ట్యూబులైటుకు ఎత్తిపట్టి
వెనక దిక్కు నుంచి చదివింది.

"మంచిగనే ఉన్నది బేటా.
గని రెండు 'మ'లకు
ఒక్క తాన్నే, ఒక్క తీరు దెబ్బ
ఎట్ల తగిలె?"

నాకు జవాబు రాలే.

"మా తాన ఐదే 'మ'లు.
ఒకటి ఎలక కొరికింది, అవిసె నూనె వాసనకు.
ఒకటి, లతీఫ్ సాబ్ ఉర్సు పోస్టరు కొడుతుంటే
కరెంటు పోయి, చీకట్ల నా కాలికిందనే పడ్డది.
ఒకటి మహాసభలు మోసి మోసి భుజం అరిగింది,
సభ పెట్టినోళ్ల బిల్లు ఇంకా బాకే, అది వేరే ముచ్చట.
నాలుగోదాన్ని సేటు పెండ్లి పోస్టర్లకు దాసిపెట్టె.
ఐదోది ఏమాయెనో.
తక్కువబడ్డ నాడు 'వ'కు కొమ్ము తగిలిచ్చి పంపేటోళ్లం,
ఊరంత 'మ' అనే చదివిండ్రు.
'ఱ' ఒక్కటే కొత్తది, ఇప్పటికీ.
దానికి పనే తగల్లే."

నవ్వొచ్చింది. పెదవులు మూసుకునే నవ్విన,
చిన్ననాటి అలవాటు.
మర్రిగూడ బోరునీళ్లు నా పండ్ల మీద
అచ్చేసిన గోధుమరంగు మచ్చలు.
నేనూ మా తమ్ముడూ కవలలం,
ఒక్క బిందె, ఒక్క గిలాస.
అయినా వాని మచ్చ వానిదే, నాది నాదే,
ఏ రెండు పండ్లూ ఒక్క తీరు లేవు.

ఆ రాత్రి మొదటి 'మ'ను ముట్టలే.
రెండోదాని గరుకంత తుడిచి,
నున్నగ, నల్లగ, జానెడంత అచ్చుతీసి
దుకాణం గడప లోపట నేల మీద అతికిచ్చిన.
మూడు రోజులు.
పుట్టినరోజు పోరగాండ్ల బూట్లు తొక్కినయి.
టీ పోరడు ఒలకబోసి, సారీ అన్న, అన్నడు.
తండ్రి ఫోటో పట్టుకొని వచ్చినాయన
చెప్పులు బయటనే ఇడిసి
దాని మీద నిలబడ్డడు చానసేపు,
ఏ రంగు బ్యాక్‌గ్రౌండ్ పెట్టాల్నో తెల్వక.
నాలుగో నాడు పీకి స్కాన్ చేసిన.

ఖాసింబీ మళ్ల వెనకనుంచే చూసింది.
వేలితోని దాని పొట్ట తడిమి,
"ఐదోది ఏడ దొరికింది బేటా?"

హోటలాయన మాత్రం
రెండో 'మ' జర ఎక్కువ పాడైంది,
మొదటిదాని లెక్క చెయ్యమన్నడు.
ఇయ్యాల్టికి మూడుసార్లు ఫోన్ చేసిండు.
ఇంకా చెయ్యలే.