రెండు వందల పదిహేడో పేజీ

బెర్గెన్‌లో వాన. లైబ్రరీ నేలమాళిగలో
తోర్గున్ పాత సంపుటం తెరిచింది.
అందరూ చెప్పిన చోట, 217లో,
చేప లేదు, పొలుసు లేదు.
ఆ నెల ఆటుపోట్ల పట్టిక ఉంది.

ఎవరో ఒకరు 271ని తిరగేసి రాశారు.
అచ్చుతప్పు అనబోయి అప్పుతచ్చు అన్నట్టు, అంతే.
తర్వాత నలభై ముగ్గురు
ఎద్దు ఈనిందంటే దూడని గాట కట్టెయ్యమన్నారు.
ఒక్కరూ కొట్టందాకా నడిచి చూడలేదు.

271లో రాగ్నా షెల్విక్ ఉంది.
హెర్రింగ్ పొలుసు మీద వలయాలు లెక్కపెట్టి
అడుగున చిన్న అక్షరాల్లో ఒప్పుకుంది:
"ఏడో వలయం నాకు సరిగా కనబడలేదు."
నలభై మూడు వ్యాసాల్లోనూ
ఏడో వలయం స్పష్టంగా ఉంది.

తోర్గున్ పత్రికకి ఉత్తరం రాసింది.
పదకొండు వారాలకి సవరణ వచ్చింది, మూడు పంక్తులు,
సూక్ష్మదర్శినుల ప్రకటన కింద.
పేజీ సరిచేశారు. వలయం ఊసెత్తలేదు.
రాగ్నాని "శ్రీ షెల్విక్ గారు" అన్నారు.

కళ్లజోడు తుడుచుకుంది.
గొడుగు ఇంకా ఆరలేదు.
"అయ్యా," అని మళ్ళీ మొదలుపెట్టి,
ఆగి,
కొట్టేసి,
అవతల కూర్చున్నది ఎవరో తనూ చూడలేదు కదా అని
పేరు వెతకడానికి లేచింది.