వణుకులో ఎన్ని పాళ్లు

పుంటా అరేనాస్‌లో డిసెంబరు గాలి రేగితే
నడిచేవాళ్లు ఎగిరిపోకుండా
మున్సిపాలిటీ వాళ్లు కూడళ్లలో తాళ్లు కడతారు.
ఆ తాడు పట్టుకోలేని మనిషి ఇంటికి
ఓడల రాడార్లు బాగుచేసుకునే నేను
పనిముట్ల సంచీతో వెళ్లాను.

యస్నా కుసానొవిచ్.
రేవులో ఇరవై రెండేళ్లు క్రేను తోలిన మనిషి.
ఊగే కంటైనరును గాలిలోనే బుజ్జగించి
పొదిగే కోడి కింద గుడ్డు సర్దినట్టు
ఓడ మీద దించేదట.
ఇప్పుడు ఆ రెండు చేతులూ ఒడిలో,
ఎవరో బస్సులో మరిచిపోయిన తొడుగుల్లా.

"గడ్డం ఉంది కదా" అంది, "దానితో కానియ్యి."

కుర్చీ సీటు లేపి లోపలికి చూశాను.
రెండు బ్యాటరీలు, ఎండిన బురద,
చాక్లెట్ కాగితం,
ఒక వెండి చెవిపోగు.
"అదక్కడ చచ్చిందా!
దాని జోడీని పోయినేడే పారేశాను."

పాత జాయ్‌స్టిక్ విప్పాను.
దాని రబ్బరు తల మీద
బొటనవేలు తొలిచిన గుంట.
చెత్తబుట్ట వైపు నా చెయ్యి వెళ్లకముందే
"దాన్ని కిటికీలో పెట్టు" అంది.

కొత్తది రేగిపండంత.
వంగే గొట్టం చివర బిగించి
గడ్డం కిందికి తెచ్చాను.
చెంప పక్కన ఒక మీట:
ఒకసారి ఆనిస్తే దీపాలు, రెండుసార్లకు హారన్.
సీటు వాలే చోట తీగ నలగకుండా
అరచెయ్యి పొడవు వదులు వదిలాను.
చూస్తూనే ఉంది.
"బిగుతుగా లాగితే ముచ్చటగా ఉంటుంది,
మూడో రోజుకి తెగుతుంది. క్రేనుకైనా అంతే."
ఆ మాట నేను చెప్పాల్సింది.

స్విచ్చి వేశాను.
ఎర్రదీపం ఏడుసార్లు కొట్టుకుని ఆగింది.
ఏడంటే,
నిద్ర లేస్తుండగా ఎవరో తనను తాకుతున్నారని
కుర్చీ ఫిర్యాదు.
"గడ్డం ఎత్తండి. పూర్తిగా లేవనివ్వండి దాన్ని."
"ఈ మర్యాదేదో
పొద్దున్నే వచ్చే నర్సుకి కూడా నేర్పు, బర్రియా."

ఇక లాప్‌టాప్.
తెర మీద ఒక గడి అడుగుతోంది:
ఎంత కదలికను
కదలికగా లెక్కపెట్టకూడదు?
ఆమె గడ్డం వణుకు
తెర మీద సన్నటి గీతగా పాకుతోంది.
రాడార్లలో నాకిది అలవాటే,
అలల చప్పుడు చెరిపేస్తే పడవ కనబడుతుంది.
మరీ చెరిపితే
చిన్న పడవలూ పోతాయి.

ఇరవై పెట్టాను.
కుర్చీ గుమ్మం దాకా నునుపుగా జారింది,
నాకు ముచ్చటేసింది.
ఆమెకు కాదు.
"నేను చెప్పేదాంట్లో సగమే వింటోంది,
అచ్చం మా అక్కలా."
వంటింట్లోంచి అక్క దిన్కా గిన్నె గట్టిగా పెట్టింది.

పదిహేను.
పదకొండు.
తొమ్మిది దగ్గర నేను ఆపబోయాను.
"ఇంకా."
ఏడు.
కుర్చీ నిలబడ్డ చోటే ఓసారి సన్నగా అదిరింది,
చలికి గుర్రం చర్మం అదిరినట్టు.
పెంచుతానని వేలు చాపాను.
"ఉంచు.
ఆ వణికేది కూడా నేనే.
దాన్ని లెక్కలోంచి తీసేస్తే
మిగిలేది నీ కుర్చీ."

రాడార్లకు ఇలాంటి నోరుండదు.
ఏడు దగ్గరే భద్రపరిచాను.

సాయంత్రం వీధి మూల దాకా వెళ్లాం.
గాలి నా టోపీని ఎత్తుకుపోయి సముద్రానికిచ్చింది.
నేను తాడు పట్టుకుని అడుగు తీసి అడుగు వేస్తుంటే
నూట యాభై కిలోల కుర్చీ
అదురుతూ, వంకర్లు పోతూ, దీపాలు వేసుకుని
నన్ను దాటిపోయింది.
రెండుసార్లు హారన్.
అది కుక్క కోసమో, నా కోసమో.

ఇంటికొచ్చి జేబు తడిమితే
ఒక స్క్రూ మిగిలి ఉంది.
గొట్టానిదా? మీటదా? సీటుదా?
రాత్రి మూడుసార్లు లేచి
ఆ కుర్చీని తలలోనే విప్పాను, బిగించాను,
ప్రతిసారీ అన్నీ సరిపోయాయి,
అది మాత్రం అరచేతిలో అలాగే ఉంది.

తెల్లారగానే ఫోను చేశాను.
దిన్కా ఎత్తింది.
"యస్నాని పిలవండి, అర్జెంటు."

"లేదు" అంది.
కాసేపు ఊరుకుని,
ఆ మాట అని చాన్నాళ్లయినట్టు
మెల్లగా కూడబలుక్కుంటూ,

"ఇంట్లో లేదు."